కాఫీ శబ్ద విచారము

నిత్యవ్యవహారములో మిక్కిలి నలిగిన మాటలను గూర్చియే మనము మిక్కిలి తక్కువగా ఆలోచింతుము. కావ్యములలో అరుదైన పదమొకటి కనబడినచో నిఘంటువు తీసి చూతుము. దాని వ్యుత్పత్తి యేమి, ప్రయోగములెక్కడ నున్నవి అని విచారింతుము. కాని ప్రొద్దున లేచినది మొదలు పదిసార్లు నోట పలుకు మాట యెక్కడిదో, మన నోటికి వచ్చుటకు ముందు అది యెవరి నోట ఏ యర్థమున మెలగినదో అడుగుట యరుదు. కాఫీ అట్టి మాట. నేడు తెలుగునాట ఈ మాట తెలియని ఇల్లు లేదు. ఐనను ఇది మొదట మద్యమునకు పేరుగా నుండెనని చెప్పినచో పలువురకు వింతగా తోచును.

ఈ వ్యాసమున రెండు విషయములను విచారింపదలచితిని. ఈ శబ్దము ఎక్కడ పుట్టినది, దానికి మొదట ఏ యర్థము కలదు అనునది ఒకటి. దేశదేశములు తిరుగుచు అది ఏయే యర్థములను గడించినది అనునది రెండవది. ఈ రెండింటిని చూచిన పిమ్మట మన భాషలో దాని స్థానమేమి అను ప్రశ్నకు సమాధానము సులభముగా దొరకును.

మనకు దగ్గరనున్న మెట్టునుండి వెనుకకు నడచుట మంచిది. తెలుగున కాఫీ ఇంగ్లీషునుండి వచ్చినది. అందులోని దీర్ఘాకారమే ఇందుకు సాక్ష్యము. ఇంగ్లీషు మాటలలోని ఒక విధమైన హ్రస్వ ఒకారమును మనవారు ఆకారముగా విని, ఆకారముగానే పలికిరి. ఆఫీసు, డాక్టరు, కాలేజీ, లాటరీ మున్నగునవి యెల్ల ఆ తీరున మారినవే. కాఫీయు ఆ వరుసలోనిదే. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన యానాము గోదావరితీరముననే కలదు. కాని వారి 'కఫే' నుండి మన మాట పుట్టియుండినచో తుదను ఏకారము వినబడవలసి యుండెను. మనకు వినబడునది ఈకారము.

ఇంగ్లీషువారికి ఈ మాట డచ్చివారి 'కోఫీ' ద్వారమున వచ్చినదని నిఘంటుకారులు తలచుచున్నారు. డచ్చివారికిని, ఇతర ఐరోపీయులకును మూలము తురుష్కుల 'కహ్వె'. తురుష్కులకు మూలము అరబీ భాషలోని 'కహ్వా'. అరబీ శబ్దములోని మొదటి హల్లు మన కకారమువంటిది కాదు. కొండనాలుక దగ్గర పుట్టు గట్టి ధ్వని. తరువాత హకారము, దానివెంట వకారము. హకార వకారములు వెంటవెంట వచ్చినపుడు ఆ ధ్వని ఐరోపాలోని పెక్కు జాతులవారి చెవికి ఫకారముగా తోచెను. ఇటాలియనుల 'కఫ్ఫే', ఫ్రెంచివారి 'కఫే', జర్మనుల 'కఫ్ఫే' ఇట్లు ఏర్పడినవి. పోలండువారును, చెక్కులును హకారమును విడిచి వకారమును నిలుపుకొని 'కావా' అనిరి. ఫిన్లండువారు రెండింటిని నిలుపుకొని 'కహ్వి' అనుచున్నారు. తూర్పున జపానువారు డచ్చివారినుండి గ్రహించి 'కోహీ' అనియు, మలయా ద్వీపములవారు 'కోపి' అనియు పలుకుచున్నారు. ప్రతి భాషయు తన చెవికొలదిని విని, తన నోటికొలదిని పలికెను.

ఇంగ్లీషున ఈ మాట తొలిసారి అచ్చుపడిన తీరు చెప్పదగినది. డచ్చి యాత్రికుడు లిన్‌స్కోటెన్ గోవాలో కొన్నియేండ్లు నివసించి తూర్పుదేశముల గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. 1598లో దాని ఇంగ్లీషు అనువాదము వెలువడినది. అందులో జపానువారి తేనీటిని వర్ణించు చోట పలుడానస్ అను పండితుడు చేర్చిన టిప్పణి యొకటి కలదు. తురుష్కులును ఇట్లే ఒక గింజను కాచి వేడివేడిగా త్రాగుదురని చెప్పి, ఆయన దాని పేరును 'చావువా' అని వినబడు అక్షరములతో వ్రాసెను. అచ్చుకూటమున ఒక అక్షరము తలక్రిందై, ఉకారము ఉండవలసిన చోట నకారము పడినది. ఈ విధముగా కాఫీ ఇంగ్లీషు గ్రంథములోనికి తేనీటికి తోకగా, అచ్చుతప్పుతో ప్రవేశించెను. ఆ పిమ్మట ఏబదియేండ్లవరకు ఆ భాషలో దాని వర్ణక్రమము నిలుకడ పొందలేదు. కోహో, కాఫా, కహ్వె అని వ్రాసినవారివలెనే వ్రాతలును పలువిధములుగా నుండెను.

ఇక అరబీ మూలమును చూడవలెను. ప్రాచీన అరబీ నిఘంటుకారులు కహ్వా శబ్దమునకు మద్యమని అర్థము వ్రాసిరి. 8వ శతాబ్ది చివరను, 9వ శతాబ్ది ఆదిని మద్యవర్ణనలకు పేరుపొందిన అబూ నువాస్ కవి ఈ శబ్దమును ఆ యర్థముననే వాడెను. ఆ కాలమునకు అరబ్బులలో కాఫీ పానము ఉన్నట్లు ఆధారము లేదు. అనగా పానీయము పుట్టుటకు కొన్ని శతాబ్దులకు ముందే దాని పేరు భాషలో సిద్ధముగా నున్నది.

మద్యమునకు ఆ పేరెట్లు వచ్చినది? నిఘంటుకారులు దానిని కోరిక తగ్గుట, రుచి లేకుండుట అను అర్థము గల ధాతువునకు ముడిపెట్టిరి. మద్యము త్రాగినవానికి అన్నముపై ఇచ్ఛ సన్నగిల్లును గనుక అది కహ్వా అని వారి వివరణము. ఈ వివరణమును అంగీకరించినచో కాఫీకి ఆ పేరు సంక్రమించుట కూడ సుగమమగును. మద్యము ఆకలిని అణచునట్లు, కాఫీ నిద్రను అణచును. ఒక కోరికను తొలగించుటయే రెండింటికి సమానధర్మము. మన ఆలంకారికుల పరిభాషలో చెప్పవలెనన్నచో సాదృశ్యమూలమైన లక్షణచే శబ్దము ఒక వస్తువునుండి వేరొక వస్తువునకు ప్రాకినది.

ఈ మార్పు జరిగిన స్థలము యెమెను. కాలము 15వ శతాబ్ది. అచటి సూఫీలు రాత్రులయందు మేలుకొని దైవనామస్మరణ చేయుచుండిరి. నిద్రను జయించుటకు వారికి ఒక సాధనము కావలసివచ్చెను. 1470 ప్రాంతమున మరణించిన అల్ ధభానీ అను సూఫీ పెద్ద ఏడెను పట్టణమున కాఫీ పానమును ప్రవేశపెట్టెనని అల్ జజీరీ 1558 ప్రాంతమున వ్రాసిన గ్రంథమువలన తెలియుచున్నది. కాఫీ చరిత్రకు ఆ గ్రంథమే ముఖ్యాధారము. ఆ దినములలో కహ్వా అను పేరు ఒక్క గింజల కషాయమునకే పరిమితము కాలేదు. ఖాత్ అను చెట్టు ఆకులతో కాచినదియు కహ్వాయే. కాఫీపండ్ల పైతొక్కతో కాచినదియు కహ్వాయే. గింజలతో కాచినదియు కహ్వాయే. గింజలతో కాచినది తక్కినవానిని మించి వ్యాపించి, క్రమముగా ఆ పేరును తన సొంతము చేసికొనెను.

మద్యమునకు ఉండిన పేరును పెట్టుకొన్న పానీయము మద్యమును నిషేధించిన సమాజములో నిరపాయముగా బ్రతుకగలదా? ఇది కేవలము నిఘంటువుల ప్రశ్నగా నిలువలేదు. 1511లో మక్కా నగరమున ఖాయిర్ బేగ్ అను అధికారి ఉండెను. అంగళ్ళను, జనుల నడవడిని విచారించుట అతని పని. ఒకనాటి రాత్రి మసీదుకు సమీపమున కొందరు గుమిగూడి దీపము పెట్టుకొని, గిన్నెను ఒకరిచేతినుండి ఒకరు అందుకొని త్రాగుచుండుట అతడు చూచెను. త్రాగు పద్ధతి మద్యపానగోష్ఠిని తలపించినది. పేరు మద్యమును తలపించినది. మరునాడు అతడు ధర్మశాస్త్రజ్ఞులను, వైద్యులను పిలిపించి సభ చేసెను. కాఫీ హానికరమని వైద్యులు చెప్పిరి. ఆ విచారణలో ఒకడు లేచి, కాఫీ మద్యమువలెనే మత్తు కలిగించునని సాక్ష్యము చెప్పెనట. మద్యము మత్తు నీకెట్లు తెలిసెనని సభవారు నవ్విరనియు, పాపమతడు శిక్షకు పాత్రుడయ్యెననియు ఒక కథ కలదు. తుదకు కాఫీ నిషిద్ధమయ్యెను. వీథులలో గింజలను తగులబెట్టిరి.

నిషేధము ఎక్కువకాలము నిలువలేదు. కైరోనుండి సుల్తాను పంపిన ఆజ్ఞ పానీయమును తప్పుపట్టలేదు. దాని నెపమున జరుగు అనుచిత సమావేశములను మాత్రమే వారించినది. ఐనను ఈ వాదము మరికొన్ని పట్టణములలో పలుమార్లు తలయెత్తెను. కాఫీని సమర్థించిన పండితులు వాదింపవలసివచ్చిన అంశములలో ఒకటి శబ్దార్థ వివేచనము. ఒకే పేరు గల రెండు వస్తువులకు ఒకే ధర్మము ఉండవలెనన్న నియమము లేదని వారు చెప్పవలసివచ్చెను. శబ్దమునకును అర్థమునకును గల సంబంధము నిత్యమా, సంకేతమాత్రమా అని మన వైయాకరణులును, తార్కికులును శాలలలో చర్చించిరి. మక్కాలో ఆ చర్చ వర్తకుల సరకు కాలుటవరకు, త్రాగరుల వీపులు వాచుటవరకు వచ్చినది.

కహ్వా శబ్దమునకు ఇతర వ్యుత్పత్తులను చెప్పినవారును కలరు. వానిలో మిక్కిలి ప్రచారము పొందినది కఫా వాదము. ఇథియోపియా నైరృతి భాగమున కఫా అను సీమ కలదు. 1897 వరకు అది ప్రత్యేక రాజ్యము. కాఫీచెట్టు సహజముగా పెరుగు అడవులు ఆ ప్రాంతమున నున్నవి. కావున కఫా నుండి కాఫీ పుట్టినదని చెప్పుట మిక్కిలి ఇంపుగా నుండును. వస్తువు అచటిదే, పేరుకును పోలిక కలదు, ఇక సందేహమేమి?

సందేహములు మూడు కలవు. మొదటిది: కహ్వా శబ్దము కాఫీ పానమునకు ఎంతో ముందే మద్యార్థమున అరబీలో నున్నది. రెండవది: కఫా అను పేరు ఐరోపావారి 'కాఫీ'కి దగ్గరగా వినబడునే గాని అరబీ 'కహ్వా'కు దగ్గర కాదు. కాఫీలోని ఫకారము ఐరోపాలో పుట్టినదని పైన చూచితిమి. తరువాత పుట్టిన ధ్వనిని బట్టి ముందున్న మూలమును నిర్ణయించుట తగదు. మూడవది: ఇథియోపియాలోని అమ్హారిక్ భాషలో కాఫీ పేరు 'బున్న'. ఆ దేశపు ఊరిపేరు ప్రపంచమంతట కాఫీకి పేరైనచో, ఆ దేశమునకే అది పేరు కాకపోవుట విడ్డూరము. ఈ కారణములచే కాఫీచెట్టు జన్మభూమి ఇథియోపియా అనియు, కాఫీ శబ్దము జన్మభూమి అరబీ భాష అనియు వేర్వేరుగా చెప్పుట యుక్తము.

శక్తి అను అర్థము గల 'కువ్వ' శబ్దమునుండి వచ్చినదని కొందరు చెప్పిరి. ధ్వనిపరిణామము దీనికి అనుకూలింపదు. 1986లో అలన్ కే అను భాషావేత్త, నల్లదనమును తెలుపు ఒక సెమెటిక్ ధాతువును మూలముగా ప్రతిపాదించెను. నల్లని మద్యము, నల్లని కాఫీ అని రెండర్థములను ఇది ఒకే రంగుతో కలుపును. ఇది విచారింపదగిన వాదము. ఐనను మద్యమునుండి కాఫీకి శబ్దము మారినదనుటలో ఈ పక్షమునకును పూర్వపక్షమునకును భేదము లేదు.

పోలికను నమ్మి మూలము చెప్పుటలో గల ప్రమాదము మన భాషలనుండియే చూపవచ్చును. సంస్కృతమున 'కపిశ' శబ్దము కలదు. దాని అర్థము గోధుమవన్నె. కాఫీ గోధుమవన్నె గలదియే. కపిశమునుండి కాఫీ వచ్చినదని ఎవరైన వ్రాసినచో కఫా వాదముకంటె అది బలహీనముగా నుండదు! 'కఫ' శబ్దమునుండి పుట్టించి, కఫమును హరించునది గనుక కాఫీ అని వైద్యపరముగా నిరుక్తి చెప్పువారును ఉండవచ్చును. కర్ణాటక సంగీతమున 'కాపి' రాగము, హిందుస్తానీలో 'కాఫీ' రాగము, పంజాబు సింధు దేశముల సూఫీకవుల 'కాఫీ' అను గేయభేదము, హిందీలో చాలినంత అను అర్థము గల 'కాఫీ' ఇవి యన్నియు చెవికి ఒక్కటే. పానీయముతో వీనికెట్టి బంధుత్వమును లేదు. చెవికి తోచిన చుట్టరికమును చరిత్ర ఒప్పుకొనవలెను. ఒప్పుకొననిచో అది చమత్కారము మాత్రమే.

కహ్వా పానీయమునకే పేరని చెప్పితిని. గింజకును చెట్టునకును అరబీలో 'బున్న్' అని వేరు పేరు. ఐరోపావారు ఈ భేదమును పాటింపక పానీయము పేరునే గింజకు, చెట్టుకు, తోటకు వ్యాపింపజేసిరి. 1753లో లినేయస్ వృక్షశాస్త్రమున ఈ చెట్టునకు 'కాఫియా అరబికా' అని నామకరణము చేసినపుడు, మద్యము పేరు చెట్టు పేరుగా స్థిరపడినది; ఇథియోపియా చెట్టు అరబ్బుదేశపుదిగా ముద్ర పొందినది. మనమును కాఫీచెట్టు, కాఫీగింజ, కాఫీపొడి, కాఫీ అని ఒక్క మాటతోనే అన్నిటిని చెప్పుచున్నాము. మన సొంత పంటయైన వరి విషయమున ఇట్లు కాదు. పైరు వరి, కోసి నూర్చినవి వడ్లు, దంచినవి బియ్యము, వండినది అన్నము. ఒక జాతి ఒక వస్తువుతో ఎంతకాలము కాపురము చేసినదో ఆ వస్తువునకు గల పేర్ల సంఖ్యయే చెప్పును.

ఇక అర్థవిస్తారమును చూతము. 16వ శతాబ్ది మధ్యమున ఇస్తాంబులు నగరమున కాఫీ యిండ్లు వెలసినవి. చదువుకొన్నవారు, ఉద్యోగము లేనివారు, చదరంగము ఆడువారు అచట చేరిరి. 1652లో పాస్క్వా రోసే అను నతడు లండనులో కాఫీ యిల్లు తెరచెను. ఆ శతాబ్ది చివరను ఎడ్వర్డ్ లాయిడ్ నడపిన కాఫీ యింటిలో ఓడల వర్తకులు చేరి బేరములాడుచు ఉండుటచే, కాలక్రమమున లాయిడ్స్ అను పేరు ఓడల భీమాకు మారుపేరయ్యెను. ఫ్రెంచివారు పానీయమును, దానిని అమ్ము స్థలమును గూడ 'కఫే' అనియే పిలిచిరి. త్రాగునది కూర్చుండు చోటైనది. స్థలమను అర్థము ఒకసారి ఏర్పడిన పిమ్మట దానికి పానీయముతో పని లేకపోయెను. ఇరాను దేశమున 'కహ్వాఖానా' అనగా నేడు ముఖ్యముగా తేనీరు దొరకు చోటు. కాఫీ పోయి తేనీరు వచ్చినను బోర్డు మారలేదు. ఆ దేశమునుండి వచ్చినవారు బొంబాయిలో పెట్టిన హోటళ్ళలో పెక్కింటికి 'కెఫే' అను పేరే. హైదరాబాదులోని వారి హోటళ్ళ కీర్తి చాయకే చెందినది.

తురుష్కభాషలో ఉదయపు ఫలాహారమును 'కహ్వల్తి' అందురు. విడదీసినచో 'కాఫీ క్రింద' అని అర్థము. పరకడుపున కాఫీ త్రాగరాదు గనుక ముందుగా అడుగున వేయు తిండి యని భావము. నేడు తురుష్కులు ఆ ఫలాహారముతో ఎక్కువగా తేనీరే త్రాగుదురు. గోధుమవన్నెను వారు 'కహ్వెరెంగి' అందురు. ఇందులోని రెండవ భాగము మన 'రంగు'కు చుట్టమే. మన స్త్రీలు చీర కొనునపుడు 'కాఫీపొడి రంగు' అనుటయు ఇదియును వేర్వేరు చోట్ల తమంత తాముగా పుట్టిన ఒకే ఆలోచన. ఒక గిన్నె కాఫీ ఋణము నలువదియేండ్లు మరవరాదని తురుష్కులలో సామెత. ఉప్పు తిన్న విశ్వాసమని మనము చెప్పునట్టిదే యది.

భారతదేశమునకు ఈ శబ్దము రెండు త్రోవల వచ్చినది. అరబీనుండి పారసీకము ద్వారమున వచ్చిన 'కహ్వా' ఉర్దూ, హిందీ భాషలలో నిలిచినది. ఓడలమీద వచ్చిన 'కాఫీ' దక్షిణభాషలలో నిలిచినది. కాశ్మీరమున కహ్వా అనగా కుంకుమపువ్వు, ఏలకులు, బాదముపప్పు వేసి కాచిన పచ్చ తేయాకు పానీయము. అందులో కాఫీగింజ యొక్కటియు లేదు. మద్యమును విడిచి కాఫీని పట్టిన శబ్దము కాశ్మీరమున కాఫీని గూడ విడిచినది.

1616 మొదలు 1619 వరకు మొగలుల రాజ్యములో నుండిన ఎడ్వర్డ్ టెర్రీ అను ఇంగ్లీషు మతాచార్యుడు, ఈ దేశమున మతనిష్ఠ గలవారు మద్యమును ముట్టక, నల్లని గింజను నీట కాచిన పానీయమును త్రాగుదురని వ్రాసెను. దాని పేరు కాఫీ యని చెప్పెను. మద్యమునకు పేరైన శబ్దము ఇచట మద్యమును వర్జించినవారి పానీయమునకు పేరైనది. అర్థము ఇంతకంటె పూర్తిగా తలక్రిందులగుట భాషాచరిత్రలో అరుదు. మక్కా యాత్రనుండి మరలివచ్చుచు బాబా బుడన్ అను సూఫీ యెమెనునుండి ఏడు గింజలను రహస్యముగా తెచ్చి, నేటి కర్ణాటకములోని చిక్కమగళూరు కొండలలో నాటెనని ఐతిహ్యము. ఆ కొండలకు నేడు ఆయన పేరే కలదు. యెమెనులో కాఫీని సూఫీలే మొదలిడిరనుట చూచితిమి. మన దేశమునకు తెచ్చిన కీర్తియు జనశ్రుతి సూఫీకే ఇచ్చినది.

రసాయనశాస్త్రమున ఈ శబ్దము గెలిచిన గెలుపు వేరొకటి కలదు. 1819లో రుంగె అను జర్మను శాస్త్రజ్ఞుడు కాఫీగింజలనుండి ఒక పదార్థమును వేరుచేసెను. కాఫీ పేరుమీదనే అది కెఫీన్ అయినది. 1827లో తేయాకునుండి ఊద్రీ అను ఫ్రెంచివాడు ఒక పదార్థమును తీసి, తేయాకు పేరుమీద 'తేయిన్' అనెను. ఆ రెండును ఒక్కటే యని 1838లో తేలినది. తేయిన్ క్రమముగా మరుగుపడి కెఫీన్ నిలిచినది. ఆనాడు తేనీటికి టిప్పణిగా పుట్టిన మాట తేనీటి సారమునకే పేరు పెట్టినది.

తెలుగున ఈ మాట బ్రతుకు ఎట్టిది? దానిని మనము ఉన్నదున్నట్లు నిలుపుకొనుటకు మన వర్ణమాల ముందే సిద్ధముగా నుండెను. ఫకీరు, ఫిర్యాదు, ఫర్మానా మున్నగు మాటలతో ఆ ఫకారధ్వని మనకు పరిచితమై, దానికి మన 'ఫ' అక్షరమును వాడుట అలవాటైనది. తమిళలిపిలో అట్టి వెసులుబాటు లేనందున వారు 'కాప్పి' అని వ్రాయుదురు. ఇంగ్లీషు 'కాపీ'కిని వారికి అదే వ్రాత. ఇక తెలుగు మాటలు అచ్చుతో ముగియవలెను. హోటలు, టేబులు అని పరభాషాపదములకు ఉకారమును చేర్చి మనవిగా చేసికొందుము. కాఫీ విషయమున ఆ శ్రమయు లేదు, ఈకారాంతముగానే వచ్చినది. కాఫీకి, కాఫీతో, కాఫీలు అని విభక్తివచనములు వెంటనే ఒదిగినవి.

ధాతువులతోను అది కలిసిపోయినది. కాఫీ కాచుదురు, పెట్టుదురు, కలుపుదురు. అతిథిని 'కాసిని కాఫీ నీళ్ళు త్రాగి వెళ్ళు'డని నిలుపుదురు. ఇచట 'నీళ్ళు' అనుట వినయము. పెట్టువాడు తన పెట్టుబడిని తక్కువచేసి చెప్పుట మన మర్యాద. పూర్వము 'పచ్చడి మెతుకులు' అని విందునకు పిలిచినట్టిదే యిది. 'కాఫీ నీళ్ళైన ఇవ్వలేదు' అన్న నిష్ఠురములో కాఫీ అనగా ఆదరము. ఒకప్పుడు మంచినీళ్ళకు, మజ్జిగకు ఉండిన పదవి దానికి దక్కినది. ఈ యర్థము అరబీలో లేదు, ఇంగ్లీషులో లేదు. మన వీథియరుగులమీద పుట్టినది. కాఫీమీద హాస్యముగా దండకములను, పేరడీ పద్యములను కట్టినవారును మనలో కలరు. దేవతలకు తగిన ఛందస్సును ఒక పానీయమునకు పట్టించుట దాని ప్రభుత్వమును ఒప్పుకొనుటయే గదా!

ఇట్టి మాటలను తీసివేసి స్వభాషాపదములను కల్పింపవలెనని కోరువారు అన్ని భాషలలో నున్నారు. తమిళులు కాఫీకి 'కుళంబి' అని యొక పదమును కల్పించిరి. గింజ గిట్టవలె చీలియుండుట దానికి మూలమందురు. 'కొట్టై వడి నీర్', అనగా గింజను వడకట్టిన నీరు, అను వేరొక కల్పనయు కలదు. ఇవి చమత్కారము గల పదములే. ఐనను తమిళుల యిండ్లలో వినబడునది కాప్పియే. తేయాకు, తేనీరు అను పదములను మనము కూర్చుకొంటిమి. అవి వ్రాతలో నిలిచినవి. కాఫీకి అట్టి పదము నిలువలేదు. భాష కోరనిదానిని పండితుడు ఇచ్చినను అది పుచ్చుకొనదు.

మన లక్షణకారులు తెలుగు మాటలను విభజించునపుడు అన్యదేశ్యములకు ఒక తెగను ఏర్పరచిరి. పరదేశముల మాటలు తెలుగులో నుండుట లక్షణకారులకు తెలిసిన విషయము. వానిని తెలుగుపదముల పట్టికలోనే ఒక వరుసగా లెక్కించుట గమనింపదగినది. కాఫీ ఆ వరుసలో కూర్చుండదగిన మాట. అరబ్బులు దానిని మద్యమునుండి తీసి కాఫీకి ఇచ్చిరి. తురుష్కులు దానినుండి ఫలాహారమును, ఫ్రెంచివారు స్థలమును, కాశ్మీరులు వేరొక పానీయమును, మనము అతిథిమర్యాదను పుట్టించితిమి. ఎరవు తెచ్చుకొన్న మాటకు కొత్త అర్థమును కట్టిన భాష ఆ ఋణమును తీర్చుకొన్నదనియే చెప్పవలెను.

నేడు తూర్పుకనుమలలోని అరకు ప్రాంతమున గిరిజనులు కాఫీని పండించుచున్నారు. 2019లో 'అరకులోయ అరబికా' అను పేరునకు భారతదేశమున భౌగోళికసూచిక గుర్తింపు లభించినది. ఆ పేరులో అరకు మన కొండలది, అరబికా లినేయస్ పెట్టిన పేరునుండి వచ్చినది, చెట్టు ఇథియోపియాది. ఆ గింజలను విదేశములకు పంపునపుడు సంచులమీద ఈ రెండు మాటలును ప్రక్కప్రక్కన అచ్చగును. వానిని చదువు పరదేశి, మనము అతని మాటను అరువు తెచ్చుకొన్నట్లే, మన ఊరిపేరును నేర్చుకొనుచున్నాడు.